రూపాయి రెసిస్టరూ, ఆరొందల రెసిస్టరూ, మా సీలింగ్ ఫ్యానూ

మా పై ఫ్లోర్‌లో ఉండే కుర్రాడు ఒక ఆదివారం పొద్దున్నే స్టీలు డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని దిగొచ్చాడు. తనే కట్టుకున్న ప్రీయాంప్ (పవర్ యాంప్‌కి పంపే ముందు పాట సిగ్నల్‌ని పెంచేది), చిల్లుల వీరోబోర్డు మీద ఎన్ఈ5532 యాంప్లిఫయర్ ఐసీ ఒకటి, చుట్టూ నాలుగు కండెన్సర్లు, ఒక వాల్యూమ్ పాట్ (సౌండ్ పెంచి తగ్గించే నాబ్), అంతే. డబ్బా ఇంకా టేబుల్ మీద పెట్టకముందే "అన్నా, రెసిస్టర్లు మార్చేసా, సెట్టే మారిపోయింది, నువ్వు ఒక్కసారి వినాలి" అన్నాడు. కరెంటుకి అడ్డుపడే ఈ చిన్న ముక్కలు ఎన్ని మార్చావురా అంటే నాలుగు. ఒక్కోటి ఎంత అంటే కొంచెం ఆగి, ఆరొందలు అన్నాడు, కొరియర్ ఖర్చు కాకుండా.

లోపల నవ్వుకున్న మాట నిజం. ఈ పిచ్చి మనకీ ఉండేది కాబట్టి వచ్చే నవ్వు అది. సరే పెట్టు అని నా ఎల్ఎమ్3886 పవర్ యాంప్‌కి కలిపి, బాలమురళి గారి పాత కచేరీ రికార్డింగ్ ఒకటి వేసాం. వింటే ఏం తేడా ఉండదని చెప్పడానికి సిద్ధంగా కూర్చున్నా. కానీ ఉంది. పోయిన దీపావళికి ఇదే డబ్బా ఇదే గదిలో విన్నప్పుడు గొంతు కొంచెం కుడి స్పీకరు వైపు లాగినట్టు ఉండేది, గది వల్ల అయ్యుంటుందిలే అనుకున్నాం అప్పుడు. ఇప్పుడు నిటారుగా మధ్యలో కూర్చుంది. వాడి మొహం వెలిగిపోతోంది, నా దగ్గర మాట లేదు.

కాసేపటికి బుర్ర పని చేసి, తీసేసిన పాత రెసిస్టర్లు ఉన్నాయా అని అడిగా. జేబులోంచి చిన్న జిప్ కవర్ తీసాడు (ఇలా దాచుకునేవాళ్లంటే నాకు ఇష్టం). అన్నీ బంగారు గీత ఉన్న సీఎఫ్ఆర్‌లు, అంటే అయిదు శాతం కార్బన్ ఫిల్మ్. ఎడమవేవో కుడివేవో కవర్ మీద పెన్నుతో రాసి పెట్టుకున్నాడు కూడా. మీటర్ తీసి కొలిచా. ఎడమ చానల్లో 10కే (అంటే పది వేల ఓమ్స్) అని వేసింది నిజానికి 9.62కే, 2.2కే అని వేసింది 2.29కే. కుడి చానల్లో 10కే వేసిన చోట 10.12, 2.2 వేసిన చోట 2.17. అన్నీ అయిదు శాతం లోపలే ఉన్నాయి, షాపువాడి తప్పేం లేదు. కానీ ఆ సర్క్యూట్లో గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) అంటే ఒకటికి ఈ రెండిటి నిష్పత్తి కలిపితే వచ్చేది. ఎడమ 5.20 రెట్లు, కుడి 5.66 రెట్లు. సౌండ్ హెచ్చుతగ్గులు కొలిచే డెసిబెల్స్‌లో (డీబీ) చూస్తే ముప్పావు డీబీ తేడా. గొంతు కుడివైపు లాగదు మరి?

కొత్తవి నాలుగూ మీటర్ మీద 10.00, 2.20 అని అచ్చు గుద్దినట్టు వస్తున్నాయి. రెండు చానళ్లూ సమానం అయ్యాయి, గొంతు మధ్యలోకి వచ్చింది. అంటే వాడి చెవి అబద్ధం చెప్పలేదు, నా వెక్కిరింపే తప్పు. కాకపోతే ఆ పని చెయ్యడానికి ఆరొందల రెసిస్టరే అక్కర్లేదు, కోఠీలో రూపాయికి దొరికే నీలం రంగు ఎమ్ఎఫ్ఆర్ (మెటల్ ఫిల్మ్ రెసిస్టర్) ఒక స్ట్రిప్ కొని మీటర్‌తో జతలు ఏరుకుంటే అదే జరిగేది. ఇది చెప్తే వాడు ఒప్పుకోలేదు. "సెంటర్ సంగతి సరే అన్నా, ఆ తియ్యదనం?" అన్నాడు. ఆ తియ్యదనం గురించే ఇంత రాయాల్సి వస్తోంది.

ముందు మా పెదనాన్న రేడియో సంగతి

నాకు సోల్డరింగ్ నేర్పింది మా పెదనాన్న. తెనాల్లో రేడియో రిపేరు షాపు ఉండేది ఆయనకి. నేను హైస్కూల్లో ఉండగా ఒకాయన పాత వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్లు రాకముందు గాజు గొట్టాలతో పనిచేసేది) తెచ్చి, విజయవాడ కేంద్రం వస్తోంది గానీ గొంతు పీక నొక్కినట్టు వస్తోందని ఇచ్చి వెళ్ళాడు. పెదనాన్న వాల్వులు మార్చి చూసాడు, మారలేదు. కండెన్సర్లు మార్చాడు, కొంచెం హమ్ తగ్గింది గానీ గొంతు అలాగే ఉంది. చివరికి రెసిస్టెన్సులు (ఆయన ఎప్పుడూ రెసిస్టర్ అనలేదు, రెసిస్టెన్స్ అనే అనేవాడు) ఒక్కోటి ఒక కాలు ఊడదీసి కొలుస్తూ పోతే, వాల్వు ప్లేటుకి కరెంటు ఇచ్చే 220కే, మీటర్లో మూడొందలు దాటి చూపించింది. అది మార్చగానే వార్తలు చదివే ఆయన ఎదురుగా కూర్చుని చదువుతున్నట్టు వచ్చింది.

ఆ రోజు నుంచి చాలా ఏళ్ళు నాకొక నమ్మకం, పాత రెసిస్టర్ తీసి కొత్తది వేస్తే సౌండ్ బాగుపడుతుందని. కళ్ళారా, చెవులారా చూసింది కదా. అసలు విషయం తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో వేసేవి కార్బన్ కాంపోజిషన్ రకం, బొగ్గుపొడిని జిగురుతో కలిపి ముద్ద చేసి గొట్టంలో కూరినవి. అవి తేమ పీల్చుకుంటాయి, ఏళ్ళు గడిచేకొద్దీ విలువ పైకి పాకుతుంది, మా కోస్తా ఉక్కలో అయితే చెప్పక్కర్లేదు. పెదనాన్న వేసిన కొత్త ముక్కలో మంత్రమేం లేదు, సర్క్యూట్ గీసినాయన అడిగిన 220కే మళ్ళీ 220కే అయింది. అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. రెసిస్టర్ మార్చినప్పుడల్లా మనం ఇంకో పని కూడా చేస్తున్నాం, ఆ జాయింటుని మళ్ళీ సోల్డర్ చేస్తున్నాం. టీవీ మెకానిక్కుల్ని అడగండి, సగం కంప్లయింట్లు డ్రై సోల్డరే. పైకి మెరుస్తూ లోపల పట్టు లేని జాయింటు ఒకటి ఉండి, దాన్ని పీకి కొత్త సోల్డర్ పెట్టి కాల్చితే సౌండ్ శుభ్రంగా వస్తుంది, క్రెడిట్ మాత్రం కొత్త రెసిస్టర్ కొట్టేస్తుంది. నేనే ఒకసారి ఇలా ఒక జపాన్ కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్ గురించి నలుగురికీ గొప్పగా చెప్పి, ఆర్నెల్ల తర్వాత అదే బోర్డులో ఇంకో జాయింటు ఊడితే గానీ తెలుసుకోలేదు.

డబ్బుతో తగ్గని శబ్దం

రెసిస్టర్ల వల్ల సౌండ్ మారదు అని నేను అనడం లేదు. మారుతుంది. కానీ అది ఎక్కడ మారుతుందో, జనం డబ్బులు ఎక్కడ పెడుతున్నారో రెండూ వేరు వేరు చోట్లు అనేదే నా గొడవ.

ఉదాహరణకి హిస్. స్పీకరుకి చెవి ఆనిస్తే వినిపించే ఆ సన్నని సుయ్యి. రెసిస్టర్ ఏదైనా సరే, కరెంటు పెట్టకపోయినా సరే, వేడికి దానిలో ఎలక్ట్రాన్లు ఊరికే అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటాయి, ఆ కదలికే రెండు కాళ్ళ మధ్య చిన్న వోల్టేజీగా తేలుతుంది. బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ అనే ఆయన దీన్ని కొలిస్తే, నైక్విస్ట్ అనే ఆయన లెక్క కట్టాడు, ఇద్దరి పేపర్లూ 1928లో వచ్చాయి, ఇద్దరూ స్వీడన్‌లో పుట్టి అమెరికా వెళ్ళినవాళ్ళే. ఆ లెక్కలో ఉండేవి ఉష్ణోగ్రత, ఎన్ని ఓమ్స్ అన్నది, ఎంత ఫ్రీక్వెన్సీ వరకు వింటున్నాం అన్నది. కంపెనీ పేరు లేదు, రేటు లేదు. గది వేడిలో, 20 కిలోహెర్ట్జ్ వరకు తీసుకుంటే 100కే రెసిస్టర్ ఇచ్చేది దాదాపు 5.8 మైక్రోవోల్టులు, 10కే ఇచ్చేది 1.8, 1కే ఇచ్చేది 0.6 కూడా ఉండదు. ఆరొందల రెసిస్టర్‌ అయినా 10కే అయితే 1.8 ఇవ్వాల్సిందే, దానికి వేరే దారి లేదు.

అందుకని సుయ్యి తగ్గాలంటే మంచి 100కే కోసం వెతకడం కాదు, అక్కడ 100కే ఎందుకు పెట్టామో ఆలోచించాలి. మన దగ్గర చాలామంది ప్రీయాంప్ ముందు 100కే వాల్యూమ్ పాట్ పెడతారు, ఎందుకంటే పాత సర్క్యూట్లలో అలా ఉంది, ఆ సర్క్యూట్లు వాల్వుల కాలంవి. నడిమధ్య తిప్పినప్పుడు 100కే పాట్ లోపలి ఐసీకి 25కే లాగా కనిపిస్తుంది, 10కే పాట్ అయితే 2.5కే లాగా. ఆ ఒక్క మార్పుకి పాట్ వైపు నుంచి వచ్చే శబ్దం మూడో వంతుకి పడిపోతుంది. ఇప్పుడున్న ఫోనులూ డాక్‌లూ (డిజిటల్ పాటని మామూలు సిగ్నల్‌గా మార్చే డబ్బాలు) 10కే ని హాయిగా తోస్తాయి. ఖర్చు సున్నా, అదే పాట్ రేటు. దీని గురించి ఎవరూ ఉత్సాహంగా మాట్లాడరు, ఎందుకంటే ఇందులో కొనడానికి ఏమీ లేదు.

లెక్కలో ఉష్ణోగ్రత కూడా ఉందన్నా కదా, సరదాకి వేసి చూసా. జనవరి రాత్రి 15 డిగ్రీలప్పటికీ హైదరాబాద్ మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలప్పటికీ ఈ శబ్దంలో తేడా అర డీబీ కూడా లేదు. ఎండాకాలంలో సెట్టు బాగా మోగడం లేదు అనేవాళ్ళు ఆ తప్పు రెసిస్టర్ల మీద వెయ్యకండి.

నేను ఓడిపోయే చోటు

ఇక్కడిదాకా చదివి డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు నాకు ఫోన్ చేస్తాడు, నాకు తెలుసు. వాడు వాల్వు యాంపులు కడతాడు. పాత స్టాకు కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు ఎక్కడెక్కడో వేలంపాటల్లో కొని గాజు సీసాల్లో పెట్టుకుంటాడు, మన ఇళ్ళలో ఆవకాయ పెట్టుకున్నట్టు. "అన్నయ్యా నువ్వు పన్నెండు వోల్టుల బొమ్మలు కట్టుకుంటూ మాట్లాడకు, మూడొందల వోల్టుల్లో విని మాట్లాడు" అంటాడు. వాడి మాటలో పస ఉంది, దాన్ని దాటేసి వెళ్ళిపోతే ఈ వ్యాసం మోసం అవుతుంది.

ఇందాక చెప్పిన శబ్దం కాక రెసిస్టర్లలో ఇంకో శబ్దం ఉంది, అది మాత్రం దేనితో చేసారన్న దాని మీదే ఆధారపడుతుంది. రెసిస్టర్ మీద డీసీ వోల్టేజీ ఉండి కరెంటు పారుతుంటే, బొగ్గు రేణువుల మధ్య దారులు నిలకడగా ఉండక గరగరమంటుంది, కింది ఫ్రీక్వెన్సీల్లో మరీ ఎక్కువ. దీన్ని వోల్టుకి ఇన్ని మైక్రోవోల్టులు అని కొలుస్తారు. వైర్‌వౌండ్‌లో దాదాపు ఉండదు, మెటల్ ఫిల్మ్‌లో చాలా తక్కువ, కార్బన్ ఫిల్మ్‌లో కొంచెం, కార్బన్ కాంపోజిషన్‌లో దండిగా. సుమారుగా ఒక లెక్క వేద్దాం. 12ఏఎక్స్7 వాల్వు ప్లేటుకి 100కే రెసిస్టర్, దాని మీద 100 వోల్టుల డీసీ. ఫ్రీక్వెన్సీలో ప్రతి పది రెట్ల మేరకీ వోల్టుకి 1 మైక్రోవోల్టు గరగర చేసే కార్బన్ ముక్క వేస్తే, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా మూడు మేరలు కలిపి 170 మైక్రోవోల్టుల పైమాటే. అదే రెసిస్టర్ వేడి వల్ల చేసే శబ్దం ఇందాక చూసాం, 5.8. అంటే ముప్పై రెట్లు! అందులో కొంత వాల్వు మింగేస్తుంది, అయినా సరే, రికార్డ్ ప్లేయర్ ప్రీయాంప్ మొదటి స్టేజీలో ఇది చెవికి తెలుస్తుంది. ఇక్కడ రెసిస్టర్ రకం మారిస్తే సౌండ్ మారుతుంది, సందేహం లేదు.

కానీ మారేది ఎటువైపు? వాడు సీసాల్లో దాచుకున్న ఖరీదైనవే ఎక్కువ గరగర చేస్తాయి, కోఠీ నీలం రూపాయిదే నిశ్శబ్దంగా ఉంటుంది. ఈ మాట అంటే వాడు రెండో అస్త్రం తీస్తాడు. కార్బన్ కాంపోజిషన్ విలువ దాని మీదున్న వోల్టేజీని బట్టి కొంచెం కొంచెం మారుతుంది, సిగ్నల్ పదుల వోల్టులు ఊగుతుంటే రెసిస్టర్ కూడా దానితో ఊగుతుంది, దానివల్ల రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో మోగే తోడు స్వరం) పుడుతుంది, అదే ఆ వెచ్చదనం అంటాడు. ఇదీ నిజమే, గిటార్ యాంపుల వాళ్ళు కావాలని వాడేది ఇందుకే. అక్కడ యాంప్ కూడా వాయిద్యంలో భాగం, ఏం పుట్టినా సంగీతమే. కాకపోతే ఇంట్లో వినే సెట్టులో అదే వాల్వు తనంతట తాను అంతకంటే ఎక్కువ రెండో హార్మోనిక్ ఇస్తోంది కదరా, పాయసంలో బెల్లం పోసాక పైన చిటికెడు పంచదార చల్లి తీపి దానివల్లే వచ్చిందంటే ఎలా అని నా వాదన. వాడు ఒప్పుకోడు. నేను కూడా వాడి సెట్టు ముందు కూర్చుని వినలేదు. ఆ మేరకు ఇది తేలని కేసు.

మా పైఫ్లోర్ కుర్రాడి డబ్బాలో మాత్రం ఇదేదీ వర్తించదు. ఐసీ, ప్లస్ మైనస్ 15 వోల్టులు, గెయిన్ రెసిస్టర్ల మీద డీసీ దాదాపు లేదు, సిగ్నల్ ఒకటి రెండు వోల్టులు. గరగర పుట్టాలంటే కావాల్సిన వోల్టేజీయే అక్కడ లేదు.

ఆరొందలది ఎవరి కోసం

ఆ ఖరీదైన రకాలు మోసం అని కూడా అనకూడదు. పలచని లోహపు రేకుతో చేసే మెటల్ ఫాయిల్ రెసిస్టర్లంటే నాకు గౌరవం, వాటి వెనకున్న మనిషి కథ తెలిసాక ఇంకా ఎక్కువ. ఫెలిక్స్ జాండ్‌మన్ అని, రెండో ప్రపంచ యుద్ధంలో కుర్రాడిగా ఉండగా ఇప్పటి బెలారుస్‌లోని గ్రోద్నో దగ్గర ఒక ఇంటి నేల కింద గోతిలో నాజీలకి దొరక్కుండా పదిహేడు నెలలు దాక్కున్నాడు, ఆ చీకట్లో మేనమామ నోటితో చెప్తుంటే లెక్కలు నేర్చుకున్నాడు. తర్వాత అమెరికా వెళ్ళి 1962లో విషే కంపెనీ పెట్టాడు, లిథువేనియాలో వాళ్ళ పెద్దలు బతికిన ఊరి పేరది, యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్న బంధువుల గుర్తుగా పెట్టుకున్నది. ఆయన కనిపెట్టిన ఫాయిల్ రెసిస్టర్ గొప్పతనం వేడెక్కినా విలువ కదలకపోవడం. త్రాసుల్లో, కొలత పరికరాల్లో, శాటిలైట్లలో అది కావాలి. అంత నిలకడని తీసుకొచ్చి, తిప్పినప్పుడల్లా రెండు చానళ్ళ మధ్య రెండు డీబీ తేడా కొట్టే నలభై రూపాయల వాల్యూమ్ పాట్ పక్కన కూర్చోబెట్టడం మనం చేసే పని. పట్టుచీర కట్టి వరి నాట్లకి పంపినట్టు.

మా ఆవిడ పెట్టిన పరీక్ష

తియ్యదనం సంగతి తేలాలిగా. నేను అదే సర్క్యూట్‌ని ఇంకో బోర్డు మీద కట్టా, అదే ఐసీ, అవే కండెన్సర్లు, గెయిన్ దగ్గర మాత్రం ఏరిన రూపాయి ఎమ్ఎఫ్ఆర్‌లు. ఫోన్లో 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి రెండు బోర్డుల అవుట్‌పుట్టూ మీటర్‌తో సమానం చేసా. ఈ సమానం చెయ్యడం మీదే అంతా ఉంది, ఏది పిసరంత గట్టిగా మోగితే అదే బాగున్నట్టు ఉంటుంది మన చెవికి, గట్టిగా అని కూడా తెలియదు, నిండుగా ఉంది అనిపిస్తుంది. స్విచ్చు తీసుకెళ్ళి వంటింట్లో మా ఆవిడ చేతికిచ్చి, బొమ్మాబొరుసూ వేసి ఏది వస్తే అది పెట్టు, కాగితం మీద రాసుకో, మాకు చెప్పకు అన్నా. "ఏవండీ, పప్పు పొయ్యి మీద ఉంది, ఇరవై సార్లే" అంది.

ఇరవైలో కుర్రాడు పదకొండు కరెక్ట్, నేను తొమ్మిది. మేమిద్దరం వినకుండా నిద్రపోయినా దాదాపు ఇదే వచ్చేది.

దీనికి కుర్రాడు చెప్పిన అభ్యంతరాలు మాత్రం కొట్టిపారేసేవి కాదు. ఒక సాయంత్రం ఇరవై సార్లు వింటే ఏం రుజువవుతుంది అన్నాడు, నిజమే, ఏ కొంచెం తేడానో ఉండి ఇరవైలో దొరక్కపోవచ్చు. నీ చెవులు నలభై ఏడేళ్ళవి అన్నాడు, అదీ నిజమే, టోన్ పెట్టి చూస్తే 13 కిలోహెర్ట్జ్ దాటాక నాకు నిశ్శబ్దమే. అన్నిటికంటే గట్టిది మూడోది. పరీక్ష అంటే ఒంట్లో టెన్షన్ ఉంటుంది, మార్చి మార్చి వింటే బుర్ర మొద్దుబారుతుంది, అసలు తేడా వారాల తరబడి దానితో బతికితే తెలుస్తుంది అన్నాడు. ఇది నాక్కూడా లోపల ఉన్న అనుమానమే. ఎందుకంటే కొన్ని సెట్లతో గంట వింటే తల బరువెక్కుతుంది, ఎందుకో అప్పటికప్పుడు చెప్పలేం.

అందుకని అది కూడా చేసా. రెండు బోర్డులూ ఒకేలాంటి డబ్బాల్లో పెట్టి, ఏది ఏదో మా ఆవిడకే తెలిసేలా, మూడు నాలుగు రోజులకోసారి తన ఇష్టం వచ్చినప్పుడు మార్చేలా ఒప్పందం. నేను రోజూ పడుకునే ముందు డైరీలో ఒక లైను రాసా, ఇవ్వాళ ఎలా ఉంది అని. నెలన్నర. చివర్లో తన కాగితం, నా డైరీ పక్కపక్కన పెట్టి చూసాం. రెసిస్టర్లకీ నా డైరీకీ సంబంధం ఏమీ కనపడలేదు. కానీ "ఇవ్వాళ అద్భుతం" అని రాసిన రోజులు ఆరు ఉన్నాయి, ఆ ఆరూ రాత్రి పదిన్నర దాటాక విన్నవి. తారీఖులు చూసి మా ఆవిడ తేల్చేసింది, "అవి వాన పడి చల్లబడిన రోజులు, ఫ్యాన్ వద్దని మీరే ఆపేసారు" అని.

సీలింగ్ ఫ్యాను. అయిదో నెంబర్ మీద అది కొట్టే గాలి చప్పుడు కింద తంబురా తీగ చివరి మోత, గాయకుడు ఊపిరి తీసుకోవడం, అన్నీ మునిగిపోతాయి. మైక్రోవోల్టుల గురించి ఇంత లెక్కలేసిన నేను పదేళ్ళుగా ఫ్యాన్ కింద కూర్చుని వింటున్నా. తర్వాత చాలాసార్లు ఆపి విన్నా, చెమటలు కారాయి గానీ ఆ తేడా ఇంకే పార్టు మార్చినా రాలేదు నాకు.

రెసిస్టర్ నిజంగా సౌండ్ చెడగొట్టిన రోజు

న్యాయంగా ఉండాలి కాబట్టి ఇదీ చెప్తా. కాలేజీలో ఉండగా టీడీఏ2030 అనే ఐసీతో యాంప్ కట్టా. డేటాషీట్లో (ఐసీ కంపెనీ ఇచ్చే వివరాల కాగితం) ఫీడ్‌బ్యాక్‌కి, అంటే అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి గెయిన్‌ని తేల్చే చోట, 22కే, 680 ఓమ్స్ ఉంటాయి, గెయిన్ 33 రెట్లు. హిస్ ఎక్కువగా ఉందని, గెయిన్ తగ్గిస్తే తగ్గుతుందని ఎవరో చెప్తే 680 తీసేసి 2.2కే పెట్టా, నీలం బూడిద గోధుమ పోయి మూడు ఎర్ర గీతలు వచ్చాయి. గెయిన్ 11 రెట్లకి దిగింది, అంటే 21 డీబీ. హిస్ తగ్గింది, భలే అనుకున్నా. కానీ పాటలో స, శ దగ్గర ఇసక రాసినట్టు ఒక గరుకు. స్పీకరు మార్చా, వైరు మార్చా, పోలేదు. ఒక రాత్రి కాలిన వాసన వచ్చింది, చూస్తే అవుట్‌పుట్ దగ్గర కండెన్సర్‌తో సీరీస్‌లో ఉండే 1 ఓమ్ పావు వాట్ రెసిస్టర్ నల్లగా మాడిపోయి ఉంది.

డేటాషీట్ అప్పుడు పూర్తిగా చదివా. ఆ ఐసీకి గెయిన్ 24 డీబీ కంటే ఎక్కువ ఉండాలని అందులోనే రాసుంది. తగ్గిస్తే నిలకడ తప్పి, మనకి వినపడనంత పై ఫ్రీక్వెన్సీలో తనలో తను ఊగుతుంది, ఆ ఊగడం ఆ ఒక్క ఓమ్ రెసిస్టర్‌ని కాల్చేసింది, ఆ గరుకు కూడా దానిదే. ఈ మొత్తం కథలో కార్బన్ ఫిల్మా మెటల్ ఫిల్మా అన్న ప్రశ్నే రాలేదు చూడండి. విలువ ఎంచుకోవడంలో తప్పు, వాటేజీ సంగతి తర్వాత. 680 మళ్ళీ పెట్టాక అదే యాంప్ మా హాస్టల్ గదిలో మూడేళ్ళు మోగింది.

అందుకే ఎవరైనా రెసిస్టర్లు ఏవి వాడాలి అని అడిగితే నేను తిరిగి ప్రశ్నలు అడుగుతా. అక్కడ డీసీ ఎంత ఉంది, ఎంత వేడెక్కుతుంది, రెండు చానళ్ళూ ఒకేలా ఉండాల్సిన చోటా కాదా. రికార్డ్ ప్లేయర్ ప్రీయాంప్ అయితే ఆర్ఐఏఏ కర్వ్ (రికార్డు మీద హెచ్చుతగ్గులతో చెక్కిన శబ్దాన్ని మళ్ళీ సరిచేసే లెక్క) కోసం 3180, 318, 75 మైక్రోసెకన్లు పట్టాలి, అక్కడ ఒక శాతం తప్పనిసరి, కండెన్సర్లు కూడా ఏరాలి. పవర్ యాంప్ ఫీడ్‌బ్యాక్ అయితే పావు వాట్ సరిపోయినా అర వాట్ వేసుకోండి, వేడికి విలువ ఊగదు. కాళ్ళు లేకుండా బోర్డుకే అతికే చిన్న ఎస్ఎమ్‌డీ థిక్ ఫిల్మ్ ముక్కలు అక్కడ వద్దు. కాళ్ళకి అయస్కాంతం పెట్టి అంటుకుంటే పనికిరాదనేవాళ్ళనీ, రెసిస్టర్‌ని ఏ వైపు తిప్పి పెట్టాలో వినిపిస్తుందనేవాళ్ళనీ నేను ఇంక పట్టించుకోవడం మానేసా, వాళ్ళతో వాదిస్తే కాఫీ చల్లారిపోతోంది.

కుర్రాడు తన డబ్బా పట్టుకెళ్ళిపోయాడు, ఆరొందలవి అందులోనే ఉన్నాయి. తియ్యమని నేను అనలేదు, వాటి విలువ కరెక్టుగా ఉంది, ఇంకేం కావాలి. మొన్న శనివారం సాయంత్రం కోఠీ గుజరాతీ గల్లీ నుంచి ఫోన్ చేసాడు, వెనక ఆటో హారన్లు.

"అన్నా, ఎమ్ఎఫ్ఆర్ వంద ముక్కల స్ట్రిప్ తీసుకున్నా, స్నేహితుడికి ఇంకోటి కడుతున్నా. డబ్బులు మిగిలాయి, పాట్ మంచిది తీసుకోమన్నావు కదా, ఇక్కడ జపాన్ కంపెనీ పేరు రాసున్న డ్యుయల్ పాట్ నూట ఇరవైకి ఇస్తున్నారు. అసలుదేనంటావా?"

"రెండు వైపులా ఎంతెంత వస్తోందో కొలిచావా?"

"మీటర్ తేలేదన్నా."

"అక్కడే ఉండు, వస్తున్నా" అని చెప్పి, మీటర్ బ్యాటరీ చూసుకుని బయల్దేరా.